గోడకు తిప్పిన ఫ్యాను

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మలేదు. తుమ్ము వస్తే వెనక వాకిట్లోకి పరుగెత్తి, మూతికి తువ్వాల అడ్డం పెట్టుకోవాలి. ప్రెషర్ కుక్కర్ అటకెక్కింది. అమ్మ మామూలు గిన్నెలో అన్నం వండి గంజి వార్చేది. తలుపు గొళ్ళేనికి గుడ్డపేలిక చుట్టింది ఆమె. కాలింగ్ బెల్ తీగ పీకింది నేను. ఇంత కాపలా ఎందుకంటే, ముందు గదిలో బాపు, మా నాన్న, పడుకొని ఉన్నాడు.

పడుకున్నాడని అంటున్నాను గాని నిద్రపోయాడని అనలేను. అక్కడే ఉంది మా భయమంతా.

బాపు బొగ్గుబాయిలో హాలేజ్ ఇంజన్ నడిపేవాడు. ఏటవాలు దారిలో బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే పెద్ద మోటరు అది. కింద ఉన్నవాళ్ళు గంట కొడతారు. పైన ఆపరేటర్ ఆ గంట ప్రకారం తాడు లాగుతాడు, వదులుతాడు, ఆపుతాడు. ఒక్క గంట అంటే ఆపు. ఆ ఒక్క గంటకు బ్రేకు పడకపోతే కింద ఏమవుతుందో బాయి పనివాళ్ళ ఇళ్ళలో పిల్లలకు కూడా విడమరిచి చెప్పనక్కరలేదు. రాత్రి షిఫ్టు చేసే రెండో ఆపరేటర్ పెళ్ళిళ్ళకని ఊరికి వెళ్ళి, అక్కడే జబ్బుపడి ఉండిపోయాడు. వానలు పడేదాకా రాత్రి పని మొత్తం బాపు మీద పడింది. రాత్రి మేలుకోవాలంటే పగలు నిద్రపోవాలి. మహారాష్ట్రలో ఎండకు పేరుపడ్డ చంద్రపూర్‌లో, మే నెలలో, పగలు.

అంతకు ముందు సంవత్సరమే మేం కంపెనీ క్వార్టర్ వదిలి, ఊళ్ళోనే తుకుం అనే పేటలో సొంతింట్లోకి వచ్చాం. రెండు గదులు, వంటిల్లు, మీద స్లాబు, ముందు గది పడమరకు. క్వార్టర్‌లో కరెంటుకు లెక్క ఉండేది కాదు. కూలర్ మార్చిలో పెడితే వానలు పడ్డాకే ఆపేవాళ్ళం. దానికి స్విచ్ ఉందన్న సంగతే మరిచిపోయేవాళ్ళం. ఇక్కడ గుమ్మం పక్కన గోడకు మీటరు. దాని అద్దం వెనక ఒక సన్నటి చక్రం. గృహప్రవేశం అయిన వారానికి బాపు దాని ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"గీ చక్రం మన హాలేజ్ డ్రమ్ము కన్న జోరు తిరుగుతంది గదరా," అన్నాడు.

ఎండాకాలం మొదటి బిల్లు వచ్చినప్పుడు తప్పు పడిందనుకొని ఆఫీసుకు పట్టుకుపోయాడు. తప్పేం లేదని చెప్పి పంపారు. ఇంటికి వచ్చి మాకొక ఆర్డరు వేశాడు: "నా కన్ను మూతవడంగనే కూలర్ బంద్ చెయ్యిన్రి. నిద్రవోయినోనికి గాలెందుకు?"

అమ్మ ఆ మాట తప్పలేదు. పొద్దున బాపు సైకిల్ దిగి, స్నానం చేసి, తిని, మంచం మీద వాలగానే కూలర్ పెట్టేది. గురక మొదలు కాగానే పిల్లిలాగా వెళ్ళి ఆపేది. కాసేపటికి బాపు లేచి కూర్చునేవాడు. అమ్మ మళ్ళీ పెట్టేది. ఇట్లా మధ్యాహ్నం దాకా.

ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం, బాపు బజారుకు పోయిన సమయం చూసి ఆయన జోడీదార్ వచ్చాడు. బాయిలో కింద టబ్బులకు తాడు తగిలించేది, గంట కొట్టేది ఇతనే. అమ్మను వదినా అని పిలుస్తాడు. ఎప్పుడు వచ్చినా ఏదో ఒకటి అని నవ్వించే మనిషి. ఆ రోజు గడప మీదే కూర్చున్నాడు.

"వదినా, నేనచ్చిన్నని అన్నకు చెప్పకు."

"ఏమైందయ్యా, గట్లంటవు?"

"మొన్న రాత్రి గంట కొట్టిన. ఒక్కటే. తాడు ఆగలే. మల్ల కొట్టిన. అప్పుడు ఆగింది." కొంచెం నవ్వాడు. "రెండు టబ్బులు పట్టాలు దిగినయి. నేను గోడకు బల్లి లెక్క అతుక్కున్న. అంగీ చినిగింది, గంతే. ఇంకేం కాలే."

అమ్మ చేతిలోని నీళ్ళ చెంబు అట్లాగే ఉంది. "నిద్రవోయిండా?"

"రెప్ప వాల్చిండో ఏమో. ఇంజన్ కాడ నేను లేను గద. తాడు జారిందని చెప్పినం పైనోళ్ళకు. ఒక్కపారి గట్ల చెప్తం వదినా. రెండోపారి చెప్పరాదు." లేచి సైకిల్ పట్టుకున్నాడు. "పగటీలి ఆయనను జర మంచిగ పండనియ్యిన్రి. కింద ఉండేది నేనే."

నేను అప్పుడే పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా ముగించి ఉన్నాను. చుట్టుపక్కల కొత్తగా లేస్తున్న ప్రైవేటు ఫ్యాక్టరీలకు దరఖాస్తులు పంపి పిలుపు కోసం చూస్తున్నాను. చేతిలో పని లేదు, తలలో చదివిందంతా తాజాగా ఉంది. మోటరు ఆగిపోతే ఎట్లా వెతకాలో మాకు నేర్పారు. ముందు సప్లై చూడు. తర్వాత ఫ్యూజు, తర్వాత అరిగిపోయే కార్బన్ ముక్కలు, అన్నీ సరిగ్గా ఉంటేనే లోపలి తీగల వైండింగ్ విప్పు. ఒక్కో కారణాన్నే కొట్టేస్తూ పోవాలి. బాపు నిద్రకు కూడా అదే వరుస పెట్టాను. మొదటిది వేడి.

స్లాబు మీద సున్నం కొట్టాను. పలుచగా కాదు, జిగురు కలిపి, ఒక పూత ఆరాక ఇంకో పూత. కళ్ళు మిరుమిట్లు గొలిపేంత తెలుపు. రాజురా నుంచి మామయ్య టెంపోలో కందికట్టె పంపాడు. దాన్ని కట్టలు కట్టి పడమటి గోడకు బయట నిలువునా ఆనించాను, ఎండ గోడకు తగలకుండా. కిటికీకి వట్టివేళ్ళ తట్టి కట్టి, పైన చిల్లుల పైపు పెట్టి నీళ్ళు చుక్కలుగా కారే ఏర్పాటు చేశాను. గది లోపల ఉన్న కూలర్‌ను రెండో కిటికీకి బయట బిగించాను. లోపల ఉంటే అదే గాలిని మళ్ళీ మళ్ళీ తడిపి గదినిండా ఆవిరి నింపుతుంది. ఎదుటి గోడ మీద వెంటిలేటర్ తెరిచి పెట్టాను, వచ్చిన గాలి పోవడానికి.

కాలేజీ ల్యాబులో పనిచేసే మిత్రుడి దగ్గర థర్మామీటరు అడిగి తెచ్చి మంచం తలాపున వేలాడదీశాను. పొద్దున కాసేపు కూలర్ నడిస్తే చాలు. తర్వాత ఆపేసినా సున్నం, కందికట్టె, తట్టి కలిసి ఆ చల్లదనాన్ని చాలాసేపు నిలబెట్టాయి. బయట కుక్కలు మోరీలో పడుకొని నాలుక వేలాడేసేవి. లోపల పాదరసం కదిలేది కాదు. మీటరు చక్రం నత్తలాగా తిరిగేది. నాకు మహా గర్వంగా ఉంది.

బాపు మాత్రం కూలర్ ఆగిన కాసేపటికి లేచి కూర్చుంటూనే ఉన్నాడు.

రెండో కారణం ఉక్క. తట్టికి నీళ్ళు తగ్గించాను. లేచాడు. మూడోది వెలుతురు. వెంటిలేటర్‌కు నల్లగుడ్డ వదులుగా కట్టాను. లేచాడు. నాలుగోది చప్పుడు.

ఇక్కడి నుంచే తుమ్ములు, కుక్కర్, గొళ్ళెం మొదలయ్యాయి. అమ్మకు కాళ్ళతో తొక్కే కుట్టు మిషన్ ఉంది. గల్లీలో ఆడవాళ్ళ జాకెట్లు, లంగాలు కుట్టేది. పగటిపూట మిషన్ తొక్కవద్దని నేనే చెప్పాను. ఆమె మిషన్ మీద దుప్పటి కప్పింది. తర్వాత ఎదురుగా ఉన్న పిండి గిర్నికి వెళ్ళాను. గిర్ని నడిపే మరాఠీ పెద్దాయనను అందరం కాకా అంటాం. సంగతి సగమే చెప్పాను, ఆయన మిగతా సగం అర్థం చేసుకున్నాడు.

"బాయి మనిషి నిద్రంటే మాటలా? పన్నెండింటి నుంచి నాలుగు దాకా మోటరు పట్టా తీసి గిర్ని బంద్ పెడ్త," అన్నాడు తన మరాఠీ కలిసిన తెలుగులో. "నీకు నౌకరీ అచ్చినంక నాకు కొత్త మోటరు ఇప్పియ్యాలె మరి, ఇంజినీర్ సాహెబ్."

మా గల్లీ అంత నిశ్శబ్దంగా నేనెప్పుడూ చూడలేదు. వేపచెట్టు మీద కాకి అరిస్తే అమ్మ రాయి తీసుకునేది. ఆ నిశ్శబ్దంలో బాపు నిద్ర ఇంకా చెడిపోయింది. ఇదివరకు ఒక గంటైనా పడుకునేవాడు. ఇప్పుడు అరగంటకే మంచం కిర్రుమనేది. ఆ కిర్రు వినగానే వంటింట్లో అమ్మ, గడప దగ్గర నేను ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం.

బాపు కళ్ళు ఎర్రబడి గుంటలు పడ్డాయి. చాయ సాసర్‌లో పోయబోయి నేల మీద పోశాడు. ఒక సాయంత్రం చెప్పులు ఎడమది కుడికి వేసుకొని సైకిల్ దాకా వెళ్ళాడు. సెలవు పెట్టమని అమ్మ బతిమాలింది.

"పెడితె నడిపేదెవడు? ఇంజన్ మీద చెయ్యి పెట్టనోన్ని కూసోవెడ్తరు. అప్పుడు కిందోళ్ళ గతేంది?"

"ఇప్పుడు వాళ్ళ గతేంది?" అంది అమ్మ.

జోడీదార్ వచ్చి అంతా చెప్పిపోయాడని బాపుకు అప్పుడే అర్థమైంది. ఆమె వైపు చూడలేదు, నా వైపు తిరిగాడు. "సున్నం కొట్టినవ్. కట్టె పెట్టినవ్. కాకిని గూడ కొట్టిస్తున్నవ్. మూడేండ్లు సదివింది గిదేనా? నన్ను కోల్డ్ స్టోరేజీల ఆలుగడ్డ లెక్క పెట్టినవ్ గని, నిద్ర ఏది?"

బాపు టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కు తగిలించుకొని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అమ్మ దేవుని దగ్గర దీపం కొండెక్కకుండా చూసుకుంది. నేను పొద్దున ఆయన సైకిల్ చప్పుడు వినేదాకా బయట అరుగు మీద కూర్చున్నాను. సైకిల్ వచ్చింది. ఆ రోజుకు గండం గడిచింది. కాని వానలు ఇంకా దూరంగా ఉన్నాయి.

ఆ పగలు నేను మంచానికి ఎదురుగా గోడకు ఆనుకొని కూర్చున్నాను. ఇదివరకు థర్మామీటరు చూశాను, చక్రం చూశాను, మనిషిని చూడలేదు. కూలర్ నడుస్తోంది. బాపు నోరు కొద్దిగా తెరిచి గాఢనిద్రలో ఉన్నాడు. అమ్మ తలుపు సందులోంచి నన్ను అడిగింది, చేత్తో: ఆపనా? నేను వద్దన్నట్టు తల ఊపేలోపు కరెంటే పోయింది.

కూలర్ రెక్కలు మెల్లగా, మెల్లగా తిరిగి ఆగాయి. గది చల్లగానే ఉంది. పాదరసం ఎక్కడిదక్కడే. తట్టి నుంచి నీటిచుక్కలు రాలుతున్నాయి. రెక్కల చివరి చప్పుడు కూడా ఆగిపోయిన క్షణంలో బాపు కుడిచెయ్యి లేచింది. మంచం పట్టెను పట్టుకుంది. నరాలు తేలేంత బలంగా దాన్ని తన వైపు లాగింది. కుడికాలు నవారును తన్నింది. కళ్ళు తెరుచుకున్నాయి గాని నన్ను చూడటం లేదు.

"ఎవరున్నరు కింద?" అన్నాడు.

అది ఇంజన్ దగ్గరి మాట. బాపు నన్ను గుర్తుపట్టి, ఊపిరి వదిలి, నీళ్ళు అడిగాడు. ఏమన్నాడో ఆయనకు గుర్తు లేదు.

వంటింట్లోకి వెళ్ళి అమ్మకు చెప్పాను. ఇంజన్ దగ్గర మోటరు హోరు ఉన్నంతసేపు అంతా సవ్యంగా ఉన్నట్టు. చెప్పకుండా ఆ హోరు ఆగిందంటే కరెంటు పోయినట్టు, తాడు మీద బరువు అట్లాగే ఉన్నట్టు, ఆపరేటర్ చెయ్యి ముందు బ్రేకు మీదికి పోవాల్సినట్టు. ఇన్నేళ్ళుగా ఆ శరీరం నేర్చుకున్నది అదొక్కటే. మేం పొదుపు కోసం కూలర్ ఆపిన ప్రతిసారీ ఆయన నిద్రలోనే టబ్బులను పట్టుకోవడానికి లేచాడు. కాకా గిర్ని నడుస్తున్నప్పుడు కనీసం దాని హోరైనా ఉండేది. దాన్ని కూడా నేనే ఆపించాను.

అమ్మ గంజి గిన్నె దించింది. తర్వాత, "క్వార్టర్ల కూలర్ ఒక్కనాడు బంద్ కాలే," అంది. "ఆడ ఎప్పుడు గిట్ల లేవలే."

"మల్ల కూలర్ పొద్దంత నడుపుదామా?"

"బిల్లు జూసి అట్లగూడ లేస్తడు," అంది. ఆ ఎండాకాలంలో మేం నవ్విన మొదటి నవ్వు అదేనేమో. చప్పుడు చెయ్యకపోవడం అలవాటై గొంతు బయటికి రాలేదు.

కాబట్టి కావలసినవి రెండు: చల్లదనం, హోరు. ఇంతకాలం రెండూ కూలరే ఇస్తోంది కాబట్టి అవి వేరువేరు పనులని నాకు తోచలేదు. చల్లదనం పని ఇప్పుడు సున్నం, కట్టె, తట్టి చేస్తున్నాయి, కరెంటు లేకుండా. మిగిలింది హోరు. అటక మీద క్వార్టర్ నాటి టేబుల్ ఫ్యాను ఉంది, బేరింగ్ అరిగి గుర్రుమనేది. కూలర్ మోటరు, పంపు కలిసి తినే కరెంటు ముందు దాని తిండి పిల్లకు పెట్టే ముద్దంత. గాలి నేరుగా తగిలితే బాపుకు దగ్గు వస్తుంది. అందుకని ఫ్యానును మంచానికి దూరంగా, గోడకు ముఖం పెట్టి ఉంచాను. గాలి గోడకు తగిలి గదంతా మెల్లగా తిరుగుతుంది, హోరు మాత్రం తలాపుదాకా వినిపిస్తుంది.

మర్నాడు పొద్దున బాపు చూసి ఆగాడు. "గోడకు ఉక్కవోస్తుందారా?"

"పండు బాపు. చెప్త తర్వాత."

"గోడకు గాలి, నాకు బిల్లు," అని గొణిగి వాలాడు.

నిద్ర పట్టింది. ఫ్యాను గుర్రుమంటుండగా నేను కూలర్ ఆపాను. దాని రెక్కలు ఆగేదాకా ఆయన కుడిచేతినే చూస్తున్నాను. వేళ్ళు కొద్దిగా ముడుచుకున్నాయి. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వేళ్ళు విచ్చుకున్నాయి. బాపు అటు తిరిగి పడుకున్నాడు.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా గిర్నికి పరుగెత్తాను. "కాకా, పట్టా ఎక్కియ్యిన్రి. ఎంత చప్పుడైతే అంత మంచిది."

కాకా నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "నిన్న కాకులను తోలినవ్. ఇయ్యాల గిర్ని నడుపమంటవ్. ఎండ దెబ్బ తగిలిందారా? నిమ్మకాయ షర్బత్ తాగి పో."

మిగిలింది కరెంటు కోత. పేపర్లో వేసే టైముకు పోదు, వేయని టైముకు పోతుంది. పోతే ఫ్యాను, గిర్ని రెండూ ఒకేసారి ఆగుతాయి. దానికి నా దగ్గర ఉపాయం లేదు. బ్యాటరీ కొనే స్తోమత లేదు. రెండు రోజులు పోలేదు. మూడో రోజు, ఎండ నడినెత్తిన ఉండగా, ఎదురుగా గిర్ని మూలిగి ఆగింది. ముందు గదిలో ఫ్యాను గొంతు సన్నబడుతోంది. నేను గడపలో నిలబడిపోయాను. రెక్కలు ఇంకా తిరుగుతున్నాయి, ఇంకొన్ని చుట్లు, అంతే.

వెనక గదిలో దడదడమని చప్పుడైంది. అమ్మ మిషన్ మీది దుప్పటి లాగేసి, స్టూలు కూడా సరిగా జరుపుకోకుండా, సగం కూర్చొని తొక్కుతోంది. దారం లేదు, గుడ్డ లేదు. సూది ఊరికే పైకీ కిందికీ ఆడుతోంది.

బాపు చెయ్యి లేచింది. మంచం పట్టె మీద పడింది. పట్టుకుంది. నేను లోలోపలే లెక్కపెడుతున్నాను. నాకు అంకెలు బడి చదువు వల్ల మరాఠీలోనే వస్తాయి. ఎంత దాకా వచ్చానో తెలియదు, ఆ పిడికిలి వదులైంది. చెయ్యి పట్టె మీదినుంచి జారి మంచం పక్కన వేలాడింది. గురక మళ్ళీ మొదలైంది.

అమ్మ ఆపలేదు. చెమటలు కారి రవిక తడిసిపోయింది. మోకాలు నొప్పి ఉన్న మనిషి. కొంతసేపటికి నేను పక్కన కూర్చొని ఆమె కాలు తీసేలోపే నా కాలు పెట్టాను. చక్రం ఆగకూడదు. అట్లా మార్చుకుంటూ తొక్కాం. గిర్ని ఆగడంతో కాకా చూడడానికి వచ్చి, గుడ్డ లేని మిషన్‌ను నేను తొక్కుతుండడం చూసి, అడగబోయి, బాపు గురక విని, వేలు పెదవి మీద పెట్టుకొని వచ్చిన దారినే పోయాడు.

ఆ సాయంత్రం బాపు ఎవరూ లేపకుండా చాయ వేళకు లేచాడు. ఒళ్ళు విరుచుకొని వెనక గదిలోకి వచ్చి మిషన్ వంక చూశాడు. "ఏం కుట్టిన్రు గింతసేపు?"

"ఏం లేదు," అంది అమ్మ.

దారం లేని సూదిని చూశాడు. గోడకు తిప్పిన ఫ్యానును చూశాడు. నేను మంచం సంగతి, చెయ్యి సంగతి చెప్పాను. విన్నాడు. కుడి అరచేతిని తిప్పి ఒకసారి చూసుకొని, చెప్పులు సరిగ్గా వేసుకొని షిఫ్టుకు వెళ్ళాడు.

కొద్దిరోజుల తర్వాత పొద్దున ఆయన వెంట జోడీదార్ కూడా వచ్చాడు. చాయ తాగుతూ, "రాత్రి కొట్టిన వదినా, ఒక్క గంట," అన్నాడు. "టబ్బు నా ముంగట గీడ ఆగింది. ముట్టుకుంటె తగులుతది." బాపు వినపడనట్టు బీడీ వెలిగించుకున్నాడు. జోడీదార్ సంచిలోంచి ఒక అంగీ తీశాడు. ఎడమ భుజం దగ్గర నిలువునా చినిగి ఉంది, బొగ్గు మరక ఇంకా పోలేదు. "ఊకె తొక్కుడెందుకు వదినా. గిది కుట్టరాదు?"

ఆ మధ్యాహ్నం కరెంటు పోగానే అమ్మ దారం ఎక్కించిన సూది కింద ఆ అంగీ పెట్టింది. చినుగు జానెడే, కరెంటు కోత మాత్రం చాలాసేపు నడిచింది. మిషన్ ఆపడానికి లేదు. అందుకని అదే కుట్టు మీద ముందుకు, వెనక్కు, మళ్ళీ ముందుకు కుట్టుతూనే ఉంది. కరెంటు వచ్చి ముందు గదిలో ఫ్యాను గుర్రుమనేసరికి ఆ భుజం అట్టముక్కలాగా బిగుసుకుపోయింది.

జోడీదార్ దాన్ని వేసుకొని చూసుకున్నాడు. ఎడమచెయ్యి పూర్తిగా పైకి లేవడం లేదు.

"మంచిగైంది వదినా," అన్నాడు. "ఇగ కప్పు కూలినా చినుగది."